ఎవరికి ఎంత చెప్పాలి

భివండి నాగావ్‌లో ఇప్పుడు మా జిరాక్స్ దుకాణం ఉన్న గదిలో ఒకప్పుడు పవర్‌లూమ్‌లు ఆడేవి. మా మామ సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, చాలా కాలం ఇతరుల షెడ్లలో నేసి, చివరికి సొంతంగా పెట్టుకున్న మగ్గాలు అవి. గుడ్డకు గిరాకీ పడిపోయాక మా ఆయన వాటిని పాత ఇనుముకు అమ్మేసి, వేరేవాళ్ళ షెడ్డులో పనికి కుదిరాడు. ఖాళీ అయిన గదిలో కిరాణా పెడదామంటే వీధిలో అప్పటికే ఉన్నవి చాలు. నేను మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివాను. హిందీ, తెలుగు కూడా చదవగలను. అందుకని సెకండ్ హ్యాండ్ జిరాక్స్ మషీన్ ఒకటి కొన్నాం. పక్క షెడ్ల చప్పుడుకు మా గోడలు ఇప్పటికీ అదురుతుంటాయి. మషీన్ అద్దం మీద పెట్టిన కాగితం కూడా సన్నగా వణుకుతుంది.

భివండిలో మనిషి ఏ గడప తొక్కినా ముందు ఆధార్ కార్డు జిరాక్స్ అడుగుతారు. గది అద్దెకు కావాలన్నా, సిమ్ కొనాలన్నా, షెడ్డులో పని దొరకాలన్నా, పిల్లను బడిలో వేయాలన్నా అదే. "దోనో సైడ్, ఏక్ హీ కాగజ్ పే" అంటూ వస్తారు అందరూ. రెండు వైపులూ ఒకే కాగితం మీద పడాలని వాళ్ళ మాట. ఏళ్ళ తరబడి అదే పని చేయడంతో మా పేటలో చాలామంది ముఖాలు నాకు ముందు కార్డు మీద తెలుసు, తర్వాత మనిషిగా తెలుసు.

ఆ కాపీలు తర్వాత ఎటు పోతాయని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకరోజు సాయంత్రం వడాపావ్ తెప్పించుకుంటే, అది చుట్టిన కాగితం మీద ఒక ముసలాయన ముఖం ఉంది. నూనె మరక కింద పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు అన్నీ చదవడానికి వీలుగా ఉన్నాయి. ఏదో షెడ్డు ఆఫీసువాళ్ళు పాత కాగితాలను తూకానికి అమ్మేసినట్టున్నారు. తినడం అయ్యాక ఆ కాగితాన్ని పారేయడానికి చేయి రాలేదు. దాచుకోవడానికీ అర్థం లేదు. చింపి చెత్తబుట్టలో వేశాను.

ఒకామె మా దుకాణానికి మొదటిసారి వచ్చింది ఆ తర్వాత కొద్ది రోజులకే. కండెలు చుట్టే పనికి కుదురుతున్నానని, కార్డు కాపీ కావాలని అడిగింది. మాట మన వైపుదే. చేతిలో చదరంగా కత్తిరించిన చిన్న తెల్ల కాగితం ముక్క ఉంది. దాన్ని కార్డు మీద భర్త పేరూ ఊరి పేరూ ఉన్న చోట పెట్టి, అట్లాగే తీయమంది. అట్లా తీస్తే షెడ్డువాళ్ళు తీసుకోరని చెప్పాను. ఆమె వాదించలేదు. కాసేపు కార్డును వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడి, "అయితె వద్దు తియ్ అక్కా" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చింది. కాపీ కోసం కాదు, ఊరికే. మా పక్క సందులోనే గది తీసుకుంది. గది యజమానురాలు ఒంటరి ముసలావిడ, కాగితాలు అడగని మనిషి. తనూ, పదేళ్ళ కూతురూ, ఇద్దరే. ఆ పిల్లను బడి నుంచి తెచ్చి మా బల్ల దగ్గర కూర్చోబెట్టి, కార్డు అడగని ఒక చిన్న షెడ్డులో కండెల పనికి వెళ్ళేది. నేను చెల్లె అని పిలవడం మొదలుపెట్టాను, ఆమె అక్కా అంది. తన కథ నాకు ఒక్కసారిగా చెప్పలేదు. టోనర్ మార్చేటప్పుడు కొంచెం, పిల్లకు జడ వేసేటప్పుడు కొంచెం చెప్పుకుంటూ వచ్చింది.

ఊరు జగిత్యాల అవతల. భర్త నలుగురిలో గొంతు పెంచని మనిషి. పొద్దున పనికి వెళుతూ బయట తాళం వేసుకుపోయేవాడు. ఫోన్ తన జేబులోనే పెట్టుకునేవాడు. చేయి చేసుకున్న రోజున తర్వాత తనే వేడినీళ్ళు కాచి తెచ్చేవాడట. ఒక మధ్యాహ్నం ఆ తాళం తీసి, బిడ్డను చేతికిచ్చి, బస్టాండు దాకా వెంట వచ్చినది ఆమె అత్త, అంటే అతని తల్లి. పెద్దామెకు తెలిసిన పెద్ద ఊరు భివండి ఒక్కటే. ఆమె తమ్ముడెవరో ఎప్పుడో ఇక్కడ నేసేవాడట. అందుకే భివండి బస్సు ఎక్కించింది.

మొదట చేరిన షెడ్డులో అందరిలాగే చెల్లె కార్డు కాపీ ఇచ్చింది. దాని మీదే ఫోన్ నంబరూ, ఉంటున్న గది అడ్రసూ రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టింది. ఆ ఆఫీసులో లెక్కలు చూసే మనిషిది ఆమె ఊరి పక్క ఊరు. భర్త పేరు చూసి గుర్తుపట్టి, కాపీని ఫోన్‌లో ఫోటో తీసి ఊరికి పంపాడు. మేలు చేస్తున్నాననే అనుకుని ఉంటాడు. వారం తిరగకముందే భర్త ఆ గది ముందు నిలబడ్డాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడ్డుపడితే ఆ పూటకు వెనక్కి తగ్గాడు. వాళ్ళు తల్లీబిడ్డలు వంటగిన్నెలు కూడా వదిలేసి మా పేటకు వచ్చారు.

"ఆయనకు నా మొఖం దొరకలే అక్కా, కాగితం దొరికింది," అంది చెల్లె. "కాగితం ఎనుకనే నేనుంటి."

ఆ తర్వాత మా పేట మహిళా సంఘంలో కొత్త పద్ధతి ఒకటి మొదలుపెట్టారు. ముంబైలోని ఒక సంస్థ దగ్గర నేర్చుకుని వచ్చిన సంఘం అమ్మాయి దుకాణాలన్నీ తిరుగుతూ చెప్పేది. తెలుగువాళ్ళ పిల్లే, ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగులో మొదలుపెట్టిన మాటను మరాఠీలో ముగిస్తుంది. ఎవరి గుర్తింపు వాళ్ళ చేతిలోనే ఉండే పద్ధతి ఇది అని చెప్పింది. నాకు ముందు వచ్చిన ఆలోచన, మరి నా మషీన్‌కు పనేముంటుందని. అడిగాను కూడా. ఆ అమ్మాయి నవ్వి, అంత తొందరగా ఏమీ మారదు లెండి అంది. ఆ మాటలో ఆమె నిరాశ కూడా కొంత ఉంది.

నేను అర్థం చేసుకున్నది ఇది. ఇన్నాళ్ళూ మనం ఎవరికైనా కాపీ ఇస్తే కార్డు మీద ఉన్నదంతా వాళ్ళ చేతికి పోతుంది, వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. కొత్త పద్ధతిలో సంఘంవాళ్ళు మన అసలు కార్డును ఒకసారి కళ్ళతో చూసి తిరిగి ఇచ్చేస్తారు. చూసినదాన్ని బట్టి మన ఫోన్‌లోకి ఒక ధ్రువీకరణ పంపుతారు. ఈమె పేరు ఇది, ఫోటో ఇది, పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఫలానా శిక్షణ పూర్తి చేసింది, ఇట్లా ఒక్కొక్కటి విడివిడిగా ఉంటుంది. వాటికి సంఘం ముద్ర ఉంటుంది. ఆ ముద్ర కంటికి కనిపించేది కాదు, ఫోన్‌లు మాత్రమే చదవగలిగేది. ఎవరైనా లోపల ఒక్క అక్షరం మార్చినా ముద్ర చెడిపోతుంది. పని ఇచ్చేవాళ్ళు తమ ఫోన్‌లో ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తారు. మనం దాన్ని స్కాన్ చేస్తే, వాళ్ళు ఏమేం అడుగుతున్నారో మన ఫోన్‌లో వరుసగా కనిపిస్తుంది. ఏది చూపాలో ఏది వద్దో మనం టిక్ పెట్టాలి. మనం ఒప్పుకున్నది మాత్రమే వాళ్ళకు చేరుతుంది. అది నిజమో కాదో వాళ్ళ ఫోన్ ముద్ర చూసి తేల్చుకుంటుంది, సంఘానికి ఫోన్ చేసి అడగదు.

"అంటె ఆమె ఏడ చూపించిందో మీకు గూడ తెల్వదా?" అని నేను అడిగాను.

"మాకూ తెల్వదు అక్కా. తెల్వొద్దు గూడ," అంది ఆ అమ్మాయి.

చెల్లె అక్కడే పిల్లకు జడ వేస్తూ వింటోంది. ఆ మాట విన్నాక స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎవరైనా ఫోన్ గుంజుకుంటే ఏమవుతుందని అడిగింది. పిన్ నంబరు గానీ ఆమె వేలిముద్ర గానీ లేకుండా ఆ యాప్ తెరుచుకోదని అమ్మాయి చెప్పింది. ఫోన్ పోతే ఎట్లా అని అడిగింది. అందులో ఉన్నదంతటికీ తాళం వేసిన పెట్టెలాగా ఒక నకలు సంఘం దగ్గర ఉంటుంది, కానీ సంఘం దాన్ని తెరవలేదు. దాని తాళంచెవి మూడు ముక్కలై, ఆమె నమ్మిన ముగ్గురి దగ్గర ఉంటుంది. ఒక ముక్కతో ఏమీ కాదు. ఏ రెండు కలిసినా కొత్త ఫోన్‌లో పెట్టె తెరుచుకుంటుంది. ఆ ముగ్గురినీ ఆమే ఎంచుకోవాలి.

చెల్లె మొదటి పేరు నాది చెప్పింది. నాకు సంతోషమూ భయమూ రెండూ వేశాయి. మర్నాడు వచ్చి, కూతురి క్లాసు టీచర్‌ను అడిగానని, సరేనన్నదని చెప్పింది. మూడో మనిషి కోసం చాలా రోజులు పట్టింది. పుట్టింట్లో ఎవరూ లేరు. పనిలో స్నేహితులు ఉన్నారు గానీ ఈ పేటలో ఈ ఏడాది ఉన్నవాళ్ళు వచ్చే ఏడాది ఉండరు. చివరికి ఒక ఆదివారం బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే, "మా అత్తకు ఇద్దామక్కా" అంది.

అతని తల్లి, అతనితో ఒకే ఇంట్లో ఉండే మనిషి. అది గుర్తు చేశాను.

"తాళం తీసింది ఆమెనే కదా," అంది.

సంఘం అమ్మాయిని మళ్ళీ అడిగి తెలుసుకున్నాం. ఆ ముక్కలో పేరూ ఊరూ ఉండవు. పెద్దామెకు స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఫరవాలేదు, క్యూఆర్ కోడ్‌గా కాగితం మీద అచ్చు వేసి ఇవ్వవచ్చు. ఎవరి చేతిలో పడినా నల్లటి చుక్కల కాగితమే. నేనే దాన్ని ప్రింట్ తీసి, చిన్నగా కత్తిరించి, లామినేషన్ చేశాను.

తీసుకెళ్ళింది కూడా నేనే. సిరిసిల్లలో మా వాళ్ళ పెళ్ళి ఉంటే వెళ్ళి, అక్కడి నుంచి బస్సులు మారి ఆ ఊరికి పోయాను. చెల్లె చెప్పినట్టే ఇంటికి వెళ్ళకుండా, బీడీ కార్ఖానాకు వెళ్ళాను. ఆడవాళ్ళు చాటల్లో కట్టలు పెట్టుకుని అప్పగించడానికి వరుసగా కూర్చుని ఉన్నారు. చెల్లె చెప్పిన గుర్తులు పట్టి పెద్దామెను పోల్చుకున్నాను. సన్నటి మనిషి. ఎడమ చెవికి కమ్మ లేదు. పక్కన కూర్చుని, మీ కోడలు పంపింది అని మెల్లగా చెప్పాను. ఆమె చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కట్టలు సర్దడం మొదలుపెట్టాయి.

"పిల్ల బడికి పోతుందా?" అని అడిగింది.

పోతుందన్నాను. లామినేషన్ కార్డు ఇచ్చి, ఇది ఎందుకో, దీనితో ఏం చేయాలో చెప్పాను. మొత్తం అర్థమయిందో లేదో తెలియదు. అవసరమైతే నేను ఫోన్ చేస్తాను, అప్పుడు దీన్ని చూపిస్తే చాలు అన్నాను. తన దగ్గర ఉన్నది చిన్న ఫోన్ అని, చూపడానికి పెద్ద ఫోన్ పక్కింటి ఆడామెకు ఉందని, ఆమె మాట బయటపెట్టదని చెప్పి ఆ నంబరు ఇచ్చింది. కార్డును తునికాకు గోతంలో అడుగున పెట్టుకుంది. నేను ఎక్కడి నుంచి వచ్చానని అడగలేదు. పోయేటప్పుడు నా చేయి పట్టుకుని, వెంటనే వదిలేసింది.

ఈలోపు సంఘంలో నడిపిన ప్యాకింగ్ శిక్షణ చెల్లె పూర్తి చేసింది. మాన్కోలిలో ఒక గోదాము ఈ కొత్త పద్ధతికి ఒప్పుకుందని తెలిసి పనికి వెళ్ళింది. ధైర్యానికి నన్ను రమ్మంది. దుకాణం మూసి వెళ్ళాను. గేటు దగ్గర లారీలు, హారన్లు, అట్టపెట్టెల దుమ్ము. ముకాదం, అంటే కూలీలను పనిలోకి తీసుకునే మనిషి, ఫోన్‌లో కోడ్ తీసి చూపించాడు. చెల్లె స్కాన్ చేసింది. ఆమె ఫోన్‌లో వరుస వచ్చింది. పేరు, ఫోటో, పద్దెనిమిదేళ్ళు నిండాయా, శిక్షణ ఉందా. ఆ కింద భర్త పేరు, సొంత ఊరు, ప్రస్తుతం ఉంటున్న చోటు. ఆ చివరి మూడూ ఇవ్వకపోయినా నడుస్తుందని పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. తెలుగులోనే ఉంది గానీ చెల్లె వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. వెనుక నిలబడినవాళ్ళు విసుక్కున్నారు. ఆమె ఆ మూడింటికీ టిక్ తీసేసి, మిగిలినవి పంపింది.

ముకాదం ఫోన్‌లో పచ్చ గుర్తు వచ్చింది. అయినా అతను చేయి చాచి, "జిరాక్స్ కిధర్ హై?" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. జిరాక్స్ అమ్ముకునే మనిషిని పక్కనే పెట్టుకుని, జిరాక్స్ ఇవ్వనని చెల్లె చెప్పింది. తనకు వచ్చిన హిందీలో, మీ ఫోన్ సరే అన్నది కదా, ఇంకేం కావాలి అని అడిగింది. అతను ఆఫీసుకు ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. ఏదైనా ప్రమాదం జరిగితే చెప్పడానికి ఒక నంబరు కావాలన్నాడు. నాది ఇచ్చింది. కూలి పడడానికి బ్యాంకు ఖాతా కావాలన్నాడు. అది ఇవ్వక తప్పదు కాబట్టి ఇచ్చింది. లోపలికి పంపారు.

ప్రతిచోటా ఇట్లా జరగలేదు. అదే రోడ్డులో ఇంకో గోదాములో కూలి ఎక్కువని తెలిసి వెళితే, కాగితం లేకపోతే వద్దు పొమ్మన్నారు. ఆమె ఆ పని వదులుకుంది. మా పేటలో ఈ యాప్ పెట్టుకున్నవాళ్ళలో చాలామంది పిన్ మరిచిపోయారు, కొందరు పాటల కోసం ఫోన్‌లో చోటు చాలక తీసేశారు. మా ఆయనకైతే ఇప్పటికీ నమ్మకం లేదు. కాగితం మీద లేనిది ఉన్నట్టెట్ల అంటాడు.

వానలు పడడానికి ముందు ఒక మధ్యాహ్నం చెల్లె భర్త మా దుకాణానికి వచ్చాడు.

ఎవరో మొదట నాకు తెలియలేదు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా గీసుకున్న గడ్డం. మర్యాదగా నిలబడి, ముందున్నవాళ్ళ పని అయ్యేదాకా ఆగి, ఒక కాగితం అద్దం మీద పెట్టమని ఇచ్చాడు. పైన కనబడుటలేదు అని ఉంది. కింద చెల్లె ఫోటో, పెళ్ళినాటిది, బుగ్గన చుక్కతో. వంద కాపీలు కావాలన్నాడు. నా ముఖంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. కాగితం తలకిందులుగా ఉన్నట్టు తిప్పి చూస్తూ కొంచెం సమయం తీసుకున్నాను. అడగకుండానే అతను మాట్లాడడం మొదలుపెట్టాడు. నా మాట విని మన వైపు మనిషినని సంతోషించాడు. పాత షెడ్డులో అడిగాడట, సందులన్నీ తిరిగాడట.

"మాన్కోలి గోదాముల్ల గూడ అడిగిన," అన్నాడు. "ఆమె పేరుతోని మస్తు మంది ఉన్నరంట. అందుకని నా పేరు, ఊరు చెప్పి, కంప్యూటర్ల చూడుమన్న. గా ఊరు, గా మొగని పేరుతోని ఎవ్వరు లేరన్నరు."

అతని గొంతులో కోపం లేదు. నిజంగా ఎవరో తప్పిపోయినట్టే చెప్పాడు. గేటు దగ్గర చెల్లె వేలు కదిపి తీసేసిన ఆ మూడు టిక్కులు అప్పుడు నాకు కళ్ళ ముందు మెదిలాయి. గోదామువాళ్ళు ఆమెను కాపాడాలని అబద్ధం చెప్పలేదు. వాళ్ళ దగ్గర లేదు, లేదన్నారు. అంతే.

ఫోటో ఉన్న పోస్టరు కాపీలు తీయాలంటే పోలీసు ఫిర్యాదు కాగితం చూపాలి అన్నాను. అట్లాంటి నియమం ఏదీ లేదు, ఆ నిమిషంలో నా నోటికి వచ్చింది. అతను నమ్మాడు. తెస్తానని చెప్పి, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. అతను సందు మలుపు తిరిగాక షట్టరు సగం దించి, సంఘం అమ్మాయికి ఫోన్ చేశాను.

సాయంత్రం విషయం చెబితే చెల్లె కూతురిని దగ్గరికి తీసుకుని, బట్టలు సర్దుకోనా అని నన్ను అడిగింది. వద్దన్నాను. సంఘం తరఫున ఒక లాయరమ్మ వచ్చింది. మర్నాడు అందరం కలిసి స్టేషన్‌కు వెళ్ళి, ఈమె తప్పిపోలేదు, తన ఇష్టంతో వేరుగా ఉంటోంది, ఎక్కడ ఉందో అతనికి చెప్పవద్దు అని రాసి ఇచ్చాం. అక్కడి అధికారిణి భర్తను పిలిపించి మాట్లాడింది. అతను వేరే చోట కాపీలు తీయించి రెండు మూడు సందుల్లో పోస్టర్లు అంటించినట్టున్నాడు, వాటిని తీయించారు. కొద్ది రోజులకు అతను ఊరికి వెళ్ళిపోయాడని తెలిసింది. చెల్లె పనికి మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు. ముఖానికి ఓఢ్నీ కట్టుకుని వెళ్ళేది. కొన్ని నెలల తర్వాత అది కూడా మానేసింది.

తర్వాతి వేసవిలో ఫోన్ పోయింది. మాన్కోలి నుంచి వచ్చే షేర్ ఆటోలో జారిపోయిందో, ఎవరైనా తీశారో తెలియదు. సిమ్ ఆపించాం. సంఘం అమ్మాయి పాత ఫోన్‌లో ఉన్న సంఘం ధ్రువీకరణలు ఇక చెల్లకుండా చేసింది. సంఘం ఇచ్చినవి మళ్ళీ ఇవ్వగలదు. కానీ చెల్లె అప్పటికి రెండు గోదాముల్లో పనిచేసి, ఎంత కాలం ఏ పని చేసిందో వాళ్ళ దగ్గర కూడా ధ్రువీకరణ తీసుకుంది. మొదటి ముకాదం ఎటో వెళ్ళిపోయాడు. దాన్ని మళ్ళీ ఇమ్మని అడగడానికి మనిషే లేడు. షెడ్లలో అన్నాళ్ళు కండెలు చుట్టిన దానికి ఆమె దగ్గర ఏ రుజువూ లేదు. ఇది ఆమె పనికి మొదటిసారి దొరికిన రుజువు. అందుకని తాళంచెవి ముక్కలు కలపాల్సిందే.

నా ముక్క నా ఫోన్‌లో ఉంది. టీచర్ సెలవులకు కొంకణంలోని తన ఊరికి వెళ్ళింది, ఎంత ప్రయత్నించినా ఫోన్ కలవలేదు. రెండు రోజులు చూసి, ఇక మూడో మనిషే దిక్కు అనుకున్నాం. పెద్దామె ఇచ్చిన పక్కింటి నంబరుకు నేను ఫోన్ చేశాను. కొడుకు పొలం దగ్గర ఉన్న పూట చూసి వాళ్ళు తిరిగి వీడియో కాల్ చేశారు. చెల్లె మా గదిలో ఖాళీ గోడకు ఆనుకుని నిలబడింది. వెనుక మరాఠీ క్యాలెండరు ఉంటే తీసి పక్కన పెట్టింది.

పెద్దామె ముఖం తెరమీదికి మరీ దగ్గరగా వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి అత్తే కొంగుతో కార్డును తుడిచి పైకి ఎత్తింది. నేను చేసిన లామినేషన్ మీద వెలుతురు పడి మెరుస్తోంది. కొంచెం వంచు, ఇటు తిప్పు, కాదు అటు అంటూ నేను చెబుతున్నాను. నీడకు జరిగాక కొత్త ఫోన్ దాన్ని చదివింది. నేను నా ముక్క కలిపాను. తెరమీద చిన్న చక్రం తిరిగి, ఆమె ధ్రువీకరణలు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చున్నాయి.

చెల్లె ఏడ్చింది. అది ఆ ధ్రువీకరణల కోసం కాదని మా అందరికీ తెలుసు. అత్తా, నేను ఇక్కడ అని మొదలుపెట్టబోయింది. పెద్దామె చేయి అడ్డంగా ఊపింది.

"ఏ ఊర్ల ఉన్నవో నాకు చెప్పకు బిడ్డా. బస్సు నేనే ఎక్కించిన, ఆడనే దిగినవో ఇంకేడికి పోయినవో నాకు ఎర్కలేదు. గట్లనే ఉండనియ్. వాడు అడిగితె తెల్వదనాలె. తెలిసి తెల్వదంటె నా మొఖం జూసి పట్టేస్తడు."

ఆ తర్వాత పిల్లను చూపించమంది. పిల్ల వచ్చి, బడిలో నేర్చిన మరాఠీ పద్యం చెప్పబోయి, నేనూ చెల్లె ఇద్దరం తల అడ్డంగా ఊపడంతో, తెలుగులో బాగున్నావా నాయనమ్మా అని అడిగింది. ఇంత పెద్దగయిందా అని పెద్దామె చాలాసార్లు అంది.

అదే ఏడాది చివర చెల్లె భర్త గల్ఫ్‌కు వెళ్ళాడు. ఆ సంగతి పక్కింటి ఆమె ద్వారా మాకు తెలిసింది. గోదాములో చెల్లెను అప్పటికి ప్యాకింగ్ వరుస ఒకటి చూసుకునే పనిలో పెట్టారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకు ఫోన్‌లో ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకపోయినా నడుస్తుంది అని తీరిక దొరికినప్పుడు చూపించేది. ఒక రోజు తీరిగ్గా కూర్చుని, అత్తకు చెప్పాలనుకుంటున్నాను అక్కా అంది. ఈసారి ఎవరినీ సలహా అడగలేదు. నాకు తెలియజేసింది, అంతే. పెద్దామెకు ఫోన్ చేసి, తాను ఇంకా భివండిలోనే ఉన్నానని, పేట పేరూ బస్సు దిగాల్సిన చోటూ తనే చెప్పింది.

పెద్దామె ఒక్కతే వచ్చింది. వానాకాలం అంతా ఉంది. ఖాళీగా కూర్చోలేక, పక్కింటి ఆడవాళ్ళతో కలిసి బట్టల మీది దారాలు తీసే పనికి కూర్చునేది. ఇక్కడి నీళ్ళు పడలేదని మొదట్లో అన్నా, తర్వాత అలవాటు పడింది. మనవరాలి వెంట బడి గేటు దాకా రోజూ వెళ్ళేది. కొడుకు గురించి నా ముందు ఒక్కసారి కూడా మాట్లాడలేదు. చెల్లెతో మాట్లాడి ఉంటుంది, ఆ సంగతి నేను అడగలేదు.

తిరిగి వెళ్ళే రోజు బస్సు దగ్గరికి అందరం వెళ్ళాం. సంచి పైన పెట్టించాక పెద్దామె కోడలిని పక్కకు పిలిచింది. తన బిడ్డ, అంటే చెల్లెకు ఆడబిడ్డ, నువ్వు ఎక్కడున్నావని ఎప్పుడూ అడుగుతుంటుందని, చెప్పవచ్చా అని అడిగింది.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఆమెకు ఒక్కదానికే చెప్పు," అంది చెల్లె. "ఆమె మొగనికి వద్దు."

పెద్దామె సరేనని తల ఊపి, మెట్టు ఎక్కి, కిటికీ పక్కన తన సీటు వెతుక్కుంది.